అంచుకు కంచె: దీపాలదిన్నె మొదలు స్టూవర్టుపురము దాక

ఏటేట నవంబరు 19వ తేదీ సమీపించునప్పటికి దివిసీమ ఉప్పెనను గూర్చి యేదో యొకటి వ్రాసి పంపుడని సంపాదకవర్గము వారు కోరుటయు, శుక్రవారము సాయంకాలము లోపల అది తమ చేతికి చేరవలెనని హెచ్చరించుటయు, వ్రాయువారు గురువారము రాత్రి వరకు కలము ముట్టకుండుటయు ఆదివారపు అనుబంధముల యందు చిరకాలముగ నడచుచున్న సంప్రదాయము. ఈ మారు వారు నిర్ణయించిన విషయము తుఫానును తట్టుకొను ఇల్లు. పునాది, స్తంభము, కప్పు మొదలగు మహాంగములను ఇంజనీరులకు విడిచిపెట్టి, ఆ యింటి శిరస్సున నుండు పిట్టగోడను, నడుమున వ్రేలాడు బాల్కనీ కటాంజనమును మాత్రమే నేను ఏరుకొంటిని. 1977లో సముద్రము ఊళ్ల మీదికి వచ్చిన ఆ దినమున బ్రతికి బయటపడినవారిలో పెక్కుమంది చెట్లకొమ్మలను, పక్కా కట్టడముల పైకప్పులను ఆశ్రయించినవారే. మరణించినవారి సంఖ్య ప్రభుత్వపు లెక్కలలోనే పదివేల వరకు పోయినది. అంతటి గాలిలో అంతమంది ఎక్కి నిలిచిన కప్పులకు అంచున ఏమి యుండెను, ఎంత ఎత్తున నుండెను అను ప్రశ్న నాకు చిన్నదిగా తోచలేదు.

ఆ ప్రశ్న వెంట బయలుదేరి కొంతదూరము వెనుకకు నడచునప్పటికి ఒక విషయము స్పష్టమైనది. మన సీమలో అంచునకు కంచె కట్టిన ప్రతివాడును తొలుదొల్త తలచుకొన్నది క్రింద పడువానిని కాదు, లోపలికి వచ్చువానిని. ఎత్తును నిర్ణయించినది దేవుడో, రాజో, దొంగయో, పోలీసువాడో గాని, పిట్టగోడ మీద వాలి వీధిలోనికి తొంగిచూచు పసివాడు కాడు. ఆ పసివాడు చట్టము కంటబడుటకు రెండువేల యేండ్లు పట్టినది.

మన దగ్గర లెక్కకు చిక్కిన మొదటి కటాంజనము తెనాలికి వాయవ్యమున, కృష్ణ దక్షిణపుటొడ్డున, ధాన్యకటక మహాచైత్యమునకు చుట్టును కట్టినట్టిది. సుమారు 192 అడుగుల వ్యాసము గల వలయముగ, దాదాపు 3 మీటర్ల ఎత్తున, పలనాటి సున్నపురాతితో నిర్మించిన ఆ వేదికకు నిలువున స్తంభములు, వానిని కలుపుచు అడ్డముగ సూచులు, అన్నిటి మీదను కిరీటము వంటి ఉష్ణీషము ఉండెను. నేడు బాపట్లలోని యే వెల్డింగు షాపునకు పోయినను మేస్త్రి చేయునది ఈ మూడింటినే: నిలువు గొట్టము, అడ్డ గొట్టము, పైన చేతిపట్టీ. తారానాథుడను టిబెట్టు చరిత్రకారుడు ఆ వేదికను కట్టించిన ఘనతను ఆచార్య నాగార్జునునకు కట్టబెట్టినాడు. నిజమెట్లున్నను, ఒక మహాతత్త్వవేత్త పేరు కటాంజనముతో ముడిపడుట, వానిని బిగించువారికి ఎంతేని గర్వకారణము. అయితే ఆ మూడు మీటర్ల ఎత్తు ఎవరిని పడకుండ కాపాడుటకు? ఎవరిని కాదు. అది నేల మీద నిలిచిన కంచె. లోపల ప్రదక్షిణము చేయువారిని వెలుపలి సంత నుండి, పశువుల నుండి, ప్రపంచము నుండి వేరు చేయుటకు కట్టినది.

పడగల చోట నిలిచిన కటాంజనమును చూడవలెనన్న, ఆ రాళ్ల మీది శిల్పములలోనే వెదకవలెను. నాళాగిరి యను మదపుటేనుగు వీధిలో జనమును తొక్కుకొనుచు వచ్చి బుద్ధుని పాదముల వద్ద మోకరిల్లు ఘట్టమును చెక్కిన ప్రసిద్ధ ఫలకము నేడు చెన్నపట్టణపు మ్యూజియములో కలదు. అందు ఏనుగును, చెల్లాచెదరగు జనమును అందరు చూతురు గాని, మేడల పైనుండి తొంగిచూచుచున్నవారిని చూచువారు తక్కువ. వారి ముందరి అడ్డు, మనిషి వాలుటకు అనువైనంత ఎత్తే గాని అంతకు మించి లేదు. చూచుటకు వంగవలెను, వంగుటకు కంచె తక్కువగ నుండవలెను, పడకుండుటకు ఎక్కువగ నుండవలెను. ఈ మూడింటి కలహము రెండవ శతాబ్దమునాటి శిల్పికి తెలిసియుండెనో లేదో గాని, నేటి ఇంజనీరునకు అదియే నిత్యమైన తలనొప్పి.

ఆ వెనుక గడచిన పదునైదు శతాబ్దములను గూర్చి చెప్పవలసినది స్వల్పము. కొండవీటి రెడ్లు, గజపతులు, రాయలు, గోల్కొండ పాదుషాలు వచ్చిరి, పోయిరి, కోటలకు కొమ్మలు కట్టిరి. సామాన్యుడు కృష్ణా పశ్చిమపు మాగాణిలో చుట్టిండ్లలోను, పూరిండ్లలోను, కలిగినవాడైన మండువా లోగిళ్లలోను నివసించెను. ఆ యిండ్లకు మేడ లేదు, మేడ లేనిచోట అంచు లేదు. పల్లెలో పడదగిన అంచులు రెండే: నుయ్యి, కాలువ. నూతికి వర కట్టుకొనువారు కట్టుకొనిరి. ఎంత ఎత్తున కట్టవలెనో చెప్పిన శాసనము నా కంటబడలేదు. నీరు తోడు స్త్రీ నడుము ఎత్తును బట్టి మేస్త్రి వరుసలు పేర్చెను, అంతే.

నా మనస్సు చిక్కుకొన్నది ఆ తరువాతి కథలో. చింతపల్లి విడిచి అమరావతిని రాజధానిగ చేసికొనదలచిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు, 18వ శతాబ్ది చివరి యేండ్లలో నగరనిర్మాణమునకు రాళ్లు కావలసి పనివాండ్రను పంపగా, వారు దీపాలదిన్నె యని ఊరివారు పిలిచెడి గుట్టను త్రవ్విరి. లోపల చెక్కిన రాళ్లు దొరకెను. నాయుడుగారికి కావలసినది కట్టుటకు పనికివచ్చు రాయి గాని, రాతి మీద ఏమి చెక్కిరన్నది కాదు గనుక, పలకలు గోడలలోనికి, మెట్లలోనికి యథేచ్ఛగ ప్రవేశించెను. అదే కాలమున అటు వచ్చి కొంత చూచి పోయిన కాలిన్ మెకంజీ, సర్వేయర్ జనరలుగ 1816లో మరల వచ్చునప్పటికి, చైత్యపు నడిబొడ్డున శివగంగ యను కోనేరు త్రవ్వబడుచుండెను. ధాన్యకటకపు కంచె పలకలు ఆ కోనేటి మెట్లైనవి. ఒకనాడు కాలు మోపరాని హద్దుగ నిలిచిన రాయి, కాలు మోపి దిగు మెట్టు అయ్యెను. నాయుడుగారు దయగల ప్రభువని, అన్నదాతయని చాటువులు పుట్టిన మహనీయుడు కనుక ఈ విషయమున ఆయనను నిందించుటకు నాకు మనసొప్పదు. ఆయన తరువాత వచ్చిన విద్యావంతులైన దొరలు చేసినది చూచినచో ఆయనది పసితనమే.

బందరులో కలెక్టరుగ నున్న రాబర్ట్‌సన్ దొర కొన్ని పలకలను పడవల మీద తెప్పించి, తన పేరిట వెలసిన పేటలో అంగడి వీధికి అలంకారముగ నాటించెను. మరికొన్ని ఒక దొర తోటలోనికి చేరెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి తీసిన రాళ్లు చెన్నపట్టణమున ఎండకు ఎండి, వానకు తడిసి, 1859లో ఓడనెక్కి లండను చేరెను. చేరి, ఏమైనవో అందరు మరచిరి. 1867లో ప్యారిస్ ప్రదర్శనకు భారతీయ శిల్పముల ఛాయాచిత్రములు సమకూర్చుచున్న జేమ్స్ ఫెర్గుసన్, ఫైఫ్ హౌస్ అను భవనపు బండ్లశాలలో వానిని కనుగొనెను. ఆంధ్రా ప్యారిస్ అని పేరు పడిన తెనాలివారు తమ ఊరి బిరుదమునకు కారణము చెప్పుటలో కాలువలను, నాటకములను ఉదాహరింతురు గాని, తమ పొరుగుసీమ కంచె వలన ప్యారిస్ ప్రదర్శనకు కలిగిన కీర్తిని ఎన్నడు తలచుకొనరు. ఆ పిమ్మట 1880లో గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు శేషించిన స్థలమును నిశ్శేషముగ శుభ్రము చేయుడని ఆజ్ఞాపించెను. శుభ్రమైనది. గొయ్యి మిగిలినది. లండను చేరిన రాళ్లు అదే సంవత్సరము బ్రిటిష్ మ్యూజియము పాలైనవి. నేడు అచ్చట అద్దాల గదిలో, గాలియు చెమ్మయు కొలత తప్పకుండ, ఆ కంచెకు మరియొక కంచె కట్టి కాపాడుచున్నారు.

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలు భట్టిప్రోలున ఆగును. అచ్చట రెండు దిబ్బలు: ఒకటి విక్రమార్కకోట దిబ్బ, రెండవది పేరు చెప్పుటకు పెద్దలు కొంచెము తడబడునట్టిది. ఆ రెండవ దిబ్బ కడుపులో 148 అడుగుల వ్యాసము గల పీఠము మీద, ఒకనాడు 40 అడుగుల వరకు లేచినదని అంచనా వేయబడిన స్తూపము ఉండెను. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి ముగిసి, కాలువలు నాలుగు దిక్కుల త్రవ్వబడి, పశ్చిమ డెల్టా పచ్చబడుచున్న రోజులవి. కాలువకు తూములు కావలెను, తూములకు రాయి కావలెను, మాగాణిలో రాయి పుట్టదు. పబ్లిక్ వర్క్స్ వారికి చేరువలో దొరికినది భట్టిప్రోలు దిబ్బ. ఇటుకలు పగిలి బాటకు కంకరయ్యెను. చెక్కిన రాళ్లు వెల్లటూరు తూములోనికి పోయెను. ఈ విధముగ బుద్ధధాతువును ప్రపంచము నుండి వేరు చేసిన రాయి, కృష్ణనీటిని పొలము నుండి వేరు చేయు పనికి నియుక్తమైనది. ఎంచి చూచిన, ఆ రాయి చేసిన పని మారలేదు, హద్దు మాత్రము మారినది. 1892లో అలెగ్జాండర్ రే అను పురావస్తు శాఖాధికారి మిగిలిన దానిని ఓపికతో త్రవ్వి, మూడు రాతి భరిణెలను, స్ఫటికపు కరండములను, బంగారు పూలను వెలికితీసెను. భరిణెల మీది బ్రాహ్మీ లిపిని బ్యూలర్ పండితుడు చదివి కుబేరకుడను రాజు పేరును లోకమునకు తెలిపెను. అక్షరములు దొరికినందుకు తెలుగువారము నేటికిని పండుగ చేసికొందుము. వెల్లటూరు తూములోని రాళ్లకు మాత్రము ఆ పండుగలో పిలుపు లేదు.

ఇంతవరకు వచ్చిన తరువాత స్టూవర్టుపురము చేరుట సులభము, త్రోవ రైలు త్రోవయే. తీరమున పండిన ఉప్పును గాడిదల మీదను, ఎద్దుల మీదను లోపలి సీమలకు మోసికొనిపోయి, అచ్చటి ధాన్యమును తీరమునకు తెచ్చి అమ్ముట ఎఱుకలవారి వృత్తులలో నొకటి. బుట్టలల్లుట, ఎఱుక చెప్పుట, పందులను పెంచుట దానికి తోడు. రైలు వచ్చెను, ఉప్పు మీద సర్కారు ఉడుముపట్టు బిగిసెను, బెజవాడకును మద్రాసునకును 1899లో ఇనుపదారి కలిసెను. ఎఱుకలవాని ఎద్దు నిలిచిపోయెను. దారి తప్పి తిరుగువాడు, ఇల్లు లేనివాడు, పని చూపలేనివాడు చట్టము దృష్టిలో దొంగయే. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము 1911లో మార్పులతో మద్రాసు రాజధానికి వర్తింపబడి, పుట్టుకను నేరముగ లెక్కించు రిజిష్టరులు తెరచిరి. అంతకు ముందే 1905లో రైల్వే పోలీసు ఉద్యోగి ఎం. పాపారావు నాయుడు ఎఱుకల, కొరవ జాతులను గూర్చి ఒక గ్రంథము ప్రచురించియుండెను. అట్టి పోలీసు గ్రంథముల ప్రకారము దొంగ గోడ దాటడు, గోడకు కన్నము వేయును. కనుక ప్రహరీ ఎత్తు పెంచుటలో ప్రయోజనము లేదని తెలిసియు, కలిగినవారు ఎత్తు పెంచుచునే యుండిరి. భయము కొలతలు వినదు.

1913లో సాల్వేషన్ ఆర్మీ వారు ప్రభుత్వ సహాయముతో బాపట్ల, చీరాలల నడుమ రైలుదారి ప్రక్కన ఎఱుకలవారి కొఱకు ఒక సెటిల్మెంటును స్థాపించి, మద్రాసు ప్రభుత్వపు కార్యనిర్వాహక సభ్యుడగు సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టిరి. ఈ సంస్థను మన దేశమునకు 1882లో తెచ్చిన బూత్ టక్కర్, సివిల్ సర్వీసు ఉద్యోగము విడిచి కాషాయము కట్టి ఫకీర్ సింగ్ అను పేరుతో తిరిగిన విచిత్రపురుషుడు. ఆయన మనస్సున కరుణ లేదని నేను అనజాలను. బాపట్లలో కుష్ఠురోగుల కొఱకు వారు కట్టిన ఆసుపత్రి నేటికిని ఆ కరుణకు సాక్ష్యము. కాని స్టూవర్టుపురములో కరుణకు కంచె ఉండెను. ఆ కంచె రాతిది కాదు, ఇనుముది కాదు. వ్రేలిముద్ర, రిజిష్టరు, నిర్ణీతవేళల హాజరు, ఊరు దాటుటకు అనుమతి చీటి, ఇవియే దాని స్తంభములు, సూచులు. సెటిలర్లు చీరాల పొగాకు కర్మాగారములో కూలి చేసికొని, మరల హాజరునకు చేరవలెను. ధాన్యకటకపు వేదిక లోనివారిని పవిత్రులని వేరు చేసినది. ఈ వేదిక లోనివారిని అపరాధులని వేరు చేసినది. రెండింటికిని ఎత్తు ఉన్నది, ఒకటి కంటికి కనబడును.

ఇందు ఒక చిత్రము కలదు. అంచున కటాంజనము కట్టనిచో గృహస్థుడే దోషి యని స్పష్టముగ విధించిన అతి ప్రాచీన శాసనములలో ఒకటి యూదుల ధర్మశాస్త్రములో, ద్వితీయోపదేశకాండమున కలదు: క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను, ఎవడైన పడి చచ్చిన ఆ రక్తాపరాధము ఇంటివారిది. బాబిలోనులో హమ్మురాబి ఇల్లు కూలిన మేస్త్రిని దండించెను గాని, అంచును గూర్చి ఆలోచించినట్లు తోచదు. ఈ మోషే శాసనము తెలుగు బైబిలులో నుండి ప్రార్థనావేళల స్టూవర్టుపురము చేరినది. వినువారు గుడిసెలలో నుండువారు. వారికి మిద్దె లేదు, పడుటకు అంచు లేదు. లోకమున పడువానిని మొదట తలచిన చట్టములలో ఒకటి, పడుటకు తావే లేని చోట పఠింపబడెను.

1952 ఆగస్టు 31న క్రిమినల్ ట్రైబ్స్ చట్టము రద్దైనది. తరువాత అలవాటు నేరస్థుల చట్టములు వచ్చినవి గాని, జాతి మొత్తమునకు వేసిన కంచె ఊడినది. 1974 ప్రాంతముల జలగం వెంగళరావు ప్రభుత్వకాలమున, మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఆ గ్రామమున దొంగతనము మానినవారికి భూమి, పని, చదువు చూపించుటకు పూనిరి. వారి సంస్కార్ సంస్థ చరిత్ర వేరొక ఆదివారమునకు తగినది. సినిమావారు మాత్రము కంచె ఊడనీయలేదు. 1991లో స్టువర్టుపురం పోలీస్ స్టేషన్, అదే యేట స్టువర్టుపురం దొంగలు, మొన్న 2023లో టైగర్ నాగేశ్వరరావు. ఈ ఊరి బిడ్డ ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టి, ఊరి పేరు వ్రాయు గడి వద్ద క్షణకాలము ఆగినచో అందుకు బాధ్యులలో వెండితెర ఒకటి.

సినిమా ప్రసక్తి వచ్చినది గనుక తెనాలి బాల్కనీని దాటి పోరాదు. చక్రపాణి, కొడవటిగంటి, సావిత్రి, కృష్ణలను కన్న ఆ సీమలో మూడుతరముల వారికి బాల్కనీ యన్నది ఇంటికి సంబంధించినది కాదు, టిక్కెట్టుకు సంబంధించినది. నేల, బెంచీ, కుర్చీ, ఆపైన బాల్కనీ. అచ్చట కూర్చున్నవాని ముందరి గోడ ఎత్తయినచో తెర కనబడదు. తక్కువైనచో ఈలవేయుటకు లేచినవాడు నేల టిక్కెట్టువాని మీద పడును. అమెరికా నియమములు నేటికిని స్థిరమైన కుర్చీల ముందు, తెర చూచుటకు అడ్డము రాకుండ, 26 అంగుళములకు దిగుటకు ఒప్పుకొనును. సార్వజనిక కట్టడములలో తక్కిన చోట్ల సాధారణముగ 42 అంగుళములు తప్పవు. బొమ్మ కొఱకు 16 అంగుళముల ప్రాణభయమును వదులుకొనుట మానవసహజమని శాసనకర్తలును అంగీకరించిరన్న మాట.

ఇంక నేటి కాలము. ఇచ్చటి నుండి కథ చక్కగ సాగదు. సిమెంటు వచ్చెను, స్లాబు పోయుట నేర్చితిమి, పూరిండ్లు డాబాలైనవి. ఒకప్పుడు నుయ్యి, కాలువలే అంచులుగ గల ఊళ్లలో ప్రతి యింటికి నాలుగు అంచులు పుట్టెను. పిట్టగోడ రెండున్నర అడుగులు కట్టుట వాడుకయైనది, ఏలన మేస్త్రికి ఇటుక వరుసల లెక్క తెలియును గాని మనిషి గురుత్వకేంద్రము తెలియదు. ఆ కేంద్రము నిలుచున్న మనిషి ఎత్తులో నూటికి 55, 57 పాళ్ల చోట నుండును. అయిదున్నర అడుగుల వానికి అది దాదాపు 92, 96 సెంటీమీటర్ల ఎత్తు. అంతకు తక్కువ గోడకు వాలి ఒడలు ముందునకు వంచినచో, తిరుగలి రాయి ఇరుసు మీద తిరిగినట్లు దేహము తిరుగును. భారత ప్రమాణముల సంస్థ వారి జాతీయ భవన స్మృతి 1970లో వెలువడి, 1983, 2005, 2016లలో సవరింపబడుచు, అంచున గోడ గాని కటాంజనము గాని మీటరుకు తగ్గరాదను నియమమును నిలిపినది. ఇంగ్లండున ఇండ్ల బాల్కనీకి 1100 మిల్లీమీటర్లు. అన్నియు ఆ గురుత్వకేంద్రమునకు కొంచెము పైనే తిరుగుచున్నవి. స్మృతి సిఫారసు మాత్రమే. అది శాసనమగుటకు రాష్ట్రపు నియమములలో ప్రవేశింపవలెను. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నియమములు, పంచాయతీలకు 2002 నాటి నియమములు ఉన్నవి. ప్లాను మీద సంతకములు పడును, పిట్టగోడ మాత్రము మేస్త్రి మనస్సున పుట్టి మేస్త్రి చేతిలో ముగియును.

మీటరు కొలిచినను చాలదు. కొలవవలసినది పూర్తియైన నేల నుండి. గృహప్రవేశము నాటికి మీటరున్న కటాంజనము, పదేండ్లకు పాత గచ్చు మీద క్రొత్త టైల్సు పరచిన పిమ్మట రెండు మూడంగుళములు కుంగును, గోడ తగ్గక నేల పెరిగినది కనుక ఎవరును గమనింపరు. అందమని అడ్డముగ బిగించిన స్టీలు గొట్టములు పసివానికి నిచ్చెన మెట్లు. నిలువు ఊచలైనచో, నడుమ సందు 4 అంగుళములు మించరాదని విదేశములలో ఒక గోళమును దూర్చి పరీక్షింతురు. శిశువు తల అంతకు పెద్దదని వారి లెక్క. మన దగ్గర ఆ పని తులసికుండీలు చేయును, పిమ్మట అవియే ఎక్కుటకు పీటలగును.

బాల్కనీ స్లాబు మరియొక కథ. ముందునకు చాచిన పలకకు బలమిచ్చు ఇనుప ఊచ పైభాగమున నుండవలెను. పోత పోయునాడు పనివాండ్రు ఆ ఊచల మీద నడచి తొక్కుదురు, అవి క్రిందికి దిగును, కాంక్రీటు గట్టిపడి రహస్యమును దాచును. బాపట్ల, నిజాంపట్నం, రేపల్లెల మీద వీచునది ఉప్పుగాలి. అది కటాంజనపు పాదమున, గొట్టము స్లాబులో దిగు చోట, మొదట తినును. పైన రంగు మెరయుచునే యుండును. 2015 జూనులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణమున ఒక బాల్కనీ తడికి చివికిన కొయ్య మీద నిలువలేక విరిగి ఆరుగురు యువజనులు మరణింపగా, 2018లో ఆ రాష్ట్రము మూడు, అంతకు మించిన వాటాలు గల అద్దె భవనముల బాల్కనీలను పరీక్షింపవలెనని చట్టము చేసి, గడువును మొదట 2025 జనవరికి పెట్టి, తరువాత 2026 జనవరికి జరిపినది. గడువును జరుపుటలో దేశభేదము లేదు. ఫ్రీమాంటులో, శాన్ హొసేలో వాటాలు అద్దెకు తీసికొన్న మన పిల్లలు ఆ పరీక్షాపత్రము చూచిరో లేదో వారిని అడుగవచ్చును. తెనాలిలో వారి తల్లిదండ్రుల అపార్టుమెంటునకు అట్టి పత్రము లేదు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల చేరువనే తీరము దాటినది. గాలి లెక్కలలో ఈ తీరమునకు సెకనుకు 50 మీటర్ల వేగమును ప్రమాణముగ పెట్టినారు. తక్కువ ఎత్తు ఇండ్లకు తుఫాను తట్టుకొను మార్గములను 2004లో ఒక ప్రమాణముగ వెలువరించినారు. ఇటుక పిట్టగోడ గాలికి తెర పట్టి నిలుచును, గొట్టపు కటాంజనము గాలిని వదలును. గోడ కూలినచో ఇటుకలు క్రింది గుడిసె మీద పడును, గొట్టము ఊడినచో బల్లెమగును. మీటరు ఎత్తు మంచిదే, ఆ మీటరు దేనితో కట్టవలెనన్నది గాలి వచ్చు దిక్కును బట్టి, పొరుగువాని కప్పును బట్టి యుండును. ఇన్ని గుణదోషములు తూచి చూచినను దొంగ భయమున్న గృహస్థునకు ఏదియు పట్టదు. అతడు బాల్కనీని నేల నుండి కప్పు దాక ఇనుప గ్రిల్లుతో మూసి తాళము వేయించును. పసివాడు పడడు. నిప్పంటుకొన్ననాడు అగ్నిమాపకదళపు నిచ్చెన వచ్చి ఆ గ్రిల్లుకు ఆనుకొని నిలుచును, లోనివారు తాళపుచెవి వెదకుకొనవలెను.

ఎత్తుతో పాటు త్రోపును గూడ లెక్కింపవలెనని 1987 నాటి బరువుల ప్రమాణము చెప్పుచున్నది. దాని ప్రకారము నివాసగృహపు సొంత బాల్కనీ కటాంజనము మీటరు పొడవునకు 0.35 కిలోన్యూటనులు, అనగా సుమారు 35 కిలోల ప్రక్కత్రోపు తట్టుకొన్న చాలును. డాబాల మీది పిట్టగోడలు 75 కిలోలు తట్టుకొనవలెను. సినిమాహాళ్లు, చర్చీలు, బడులు మొదలగు జనము క్రిక్కిరియు చోట్ల 2.25 కిలోన్యూటనులు, అనగా ఇంటి బాల్కనీకి ఆరు రెట్లకు పైన. బాపట్లలో భావనారాయణస్వామి రథము లాగునాడు వీధి కిరువైపుల నున్న ఇండ్ల బాల్కనీలలో ఇంటివారు ఇద్దరు, బంధువులు పదిమంది, పేరు తెలియని పొరుగూరివారు అయిదారుగురు ముందునకు వాలి నిలుచుందురు. ఆ గంటసేపు ఆ కటాంజనము 35 కిలోల వరుసలోనిదో 225 కిలోల వరుసలోనిదో పట్టికలో లేదు. కట్టించినవాడు 35కే డబ్బిచ్చినాడు.